ముక్కూమొహం తెలియనివాళ్లకు జామీను

మా ఇంట్లో జామీను అనే మాట ఎవరైనా ఎత్తితే అమ్మ లేచి వంటింట్లోకి వెళ్లిపోయేది. నాన్న తనతో పనిచేసే మాస్టారి అప్పుకి జామీను సంతకం పెట్టారు. ఆయన చేతులెత్తేశాడు. నాలుగేళ్లపాటు నాన్న జీతంలో కోత పడింది, అక్క పెళ్లి రెండేళ్లు వెనక్కి పోయింది. అప్పటినుంచి మా నానమ్మ సామెతల గ్రంథం తీసినప్పుడల్లా "పూటపడటం" గురించిన వచనాలే గట్టిగా చదివేది. పూటపడటమంటే జామీను ఉండటమే, మన బైబిల్లో మిగిలిన పాత తెలుగు మాట. పరాయివాడికి పూటపడితే చెడిపోతావని సొలొమోను ఎప్పుడో చెప్పాడు, నా కొడుకు వినలేదు అని ఆమె బాధ.

నా పరిశోధనకీ ఈ ఇంటి గొడవకీ సంబంధం ఉంటుందని నేను అనుకోలేదు. నేను తీసుకున్న విషయం వేరు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత యూరప్‌లో ఇల్లూవాకిలీ పోగొట్టుకున్నవాళ్లను వేరే దేశాల్లో స్థిరపరచటంలో లూథరన్ సంఘాలు, అంటే మార్టిన్ లూథర్ బాటలో నడిచే ప్రొటెస్టెంట్ చర్చిలు, ఏం చేశాయి అన్నది. ఐదేళ్లు దాని వెంట తిరిగాను. ఆ తిరుగుడు ఎలా సాగిందో రాయమని మా జూనియర్లు చాలాసార్లు అడిగారు. థీసిస్‌లో పట్టని సంగతులు కొన్ని ఉన్నాయి కాబట్టి రాస్తున్నాను.

మాది గుంటూరు. లూథరన్ కుటుంబం. 1842లో లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరుకి రావటం, కుగ్లర్ ఆసుపత్రి, ఏసీ కాలేజీ, ఇవన్నీ సండేస్కూల్ నుంచి వింటూ పెరిగిన కథలు. ఎంఏ హిస్టరీ అయ్యాక పీహెచ్‌డీకి మిషనరీల మీదే ఏదో ఒకటి చేద్దామనుకున్నాను. మా గైడ్ సార్ నేను రాసుకెళ్లిన నాలుగు పేజీలు చదివి పక్కన పెట్టి ఒకటే అడిగారు: "ఏమ్మా, మీ మిషనరీల్ని పంపిన సంఘాలు 1945లో ఏం చేస్తున్నాయి? అక్కడ ఊళ్లకు ఊళ్లు కూలిపోయాయి కదా?"

నా దగ్గర జవాబు లేదు. వాళ్లంతా మన దగ్గరకి రావటానికే పుట్టారన్నట్టు చదువుకున్నాను నేను అప్పటిదాకా. ఇంటికొచ్చి ఆ రాత్రే వెతకటం మొదలుపెట్టాను.

మొదటి రెండు నెలలు పొట్టిపేర్లతోనే సరిపోయింది. ఎన్‌ఎల్‌సీ, ఎల్‌డబ్ల్యూఏ, ఎల్‌డబ్ల్యూఆర్, ఎల్‌ఆర్‌ఎస్, ఎల్‌డబ్ల్యూఎఫ్. ఏది ఎవరిదో, ఏది ఎవరికి లెక్క చెప్పాలో తెలిసేది కాదు. చివరికి వంశవృక్షం గీసినట్టు ఒక చార్టు గీసి గోడకి అంటించుకున్నాను. ఎన్‌ఎల్‌సీ అంటే నేషనల్ లూథరన్ కౌన్సిల్, అమెరికాలోని చాలా లూథరన్ సంఘాల ఉమ్మడి మండలి. ఎల్‌డబ్ల్యూఏ అది ఏటా నడిపే చందాల ఉద్యమం, లూథరన్ వరల్డ్ యాక్షన్. ఎల్‌డబ్ల్యూఆర్, అంటే లూథరన్ వరల్డ్ రిలీఫ్, 1945లో పుట్టింది, బట్టలూ బొంతలూ తిండి సామానూ ఓడలకెక్కించటం దాని పని. ఎల్‌ఆర్‌ఎస్ అంటే లూథరన్ రీసెటిల్‌మెంట్ సర్వీస్, అమెరికాకి వచ్చిన కాందిశీకులకి పనీ ఇల్లూ వెతికిపెట్టేది. 1948 నుంచి దాన్ని నడిపినామె కొర్డీలియా కాక్స్ అనే సోషల్ వర్కర్. వీటన్నిటికీ పైన ఎల్‌డబ్ల్యూఎఫ్, లూథరన్ వరల్డ్ ఫెడరేషన్. 1947 జులైలో స్వీడన్‌లోని లుండ్ పట్నంలో 47 సంఘాలు కలిసి పెట్టుకున్నాయి.

లుండ్ సభ గురించి చదువుతుంటే ఒక లెక్క నన్ను కదలనివ్వలేదు. అప్పట్లో ప్రపంచంలో ప్రతి ఆరుగురు లూథరన్లలో ఒకరు ఇల్లు విడిచి వచ్చినవాళ్లేనట. అంటే ఆ సభలో కూర్చున్నవాళ్లు "పాపం ఎవరో" అని మాట్లాడుకోలేదు. వాళ్ల పీటల మీద పక్కన కూర్చునేవాళ్లే రోడ్డున పడ్డారు. తూర్పు ప్రష్యా, సైలీషియా, పొమెరేనియా నుంచి వెళ్లగొట్టబడ్డ జర్మన్లు, సోవియట్ సైన్యం ముందు పడవలెక్కి పారిపోయి వచ్చిన లాత్వియన్లు, ఎస్టోనియన్లు. ఓడిపోయిన దేశం వాళ్లు, గెలిచిన దేశం వాళ్లు, ఎటూ కాకుండా మిగిలిన స్వీడన్ వాళ్లు, యుద్ధం ముగిసిన రెండేళ్లకే ఒకే గదిలో కూర్చున్నారు. మొదటి అధ్యక్షుడు స్వీడన్ వేదాంతి ఆండర్స్ నీగ్రెన్, రెండో అధ్యక్షుడు హన్నోవర్ బిషప్ హాన్స్ లిల్యె. నాజీల జైల్లో ఉండి బయటికొచ్చిన మనిషి ఆయన.

ఫండ్స్ రావటానికి ఏడాది పట్టేట్టుంది కాబట్టి ముందు చెన్నై వెళ్లాను. కీల్పాక్‌లో గురుకుల్ లూథరన్ కాలేజీ ఉంది, పాత మిషన్ కాగితాలు అక్కడ చూడొచ్చు. వారం రోజులు ఒక లేడీస్ హాస్టల్లో ఉండి రోజూ వెళ్లేదాన్ని. అక్కడ నాకు దొరికిన మాట "అనాథ మిషన్లు". యుద్ధం మొదలవగానే మన దేశంలోని జర్మన్ మిషనరీలను బ్రిటిష్ ప్రభుత్వం శత్రుదేశస్థులని డెహ్రాడూన్ లాంటి చోట్ల నిర్బంధించింది. జర్మనీ నుంచి డబ్బు ఆగిపోయింది. రాంచీ దగ్గర గోస్నర్ వాళ్ల సంఘం, మన ఉత్తరాంధ్రని ఆనుకుని ఉన్న జయపురం వైపు బ్రెక్లుమ్ వాళ్ల సంఘం, ఇలాంటివన్నీ దిక్కులేనివి అయిపోయాయి. వాటిని నిలబెట్టిన డబ్బులో కొంత అమెరికా లూథరన్ల చందాల నుంచి వచ్చింది. యూరప్ శిబిరాలకి పాలపొడి పంపిన ఉద్యమం, మన పక్కన ఉన్న ఈ అనాథ సంఘాల్లో ఉపదేశకుల జీతాలకి తోడ్పడిన ఉద్యమం ఒక్కటే. గైడ్ సార్ అడిగిన ప్రశ్నకి మొదటి జవాబు అదీ. ఆ సాయంత్రం హాస్టల్‌కి నడుచుకుంటూ వెళ్లాను, ఆటో ఎక్కాలనిపించలేదు.

తర్వాత జరిగిన పని అంతా రాత్రిపూట, నా లాప్‌టాప్ మీద. జర్మనీలోని ఆరోల్సెన్ అనే ఊళ్లో యుద్ధబాధితుల కాగితాలు కోట్లలో ఉన్నాయి. చాలా భాగం స్కాన్ చేసి ఎవరైనా చూసేలా పెట్టారు. అందులో సీఎం-వన్ అనే ఫారాలు ఉంటాయి. ఐక్యరాజ్యసమితి పెట్టిన అంతర్జాతీయ శరణార్థి సంస్థ, ఐఆర్‌ఓ, 1947 నుంచి 1952 మొదటివరకు పనిచేసింది. దాని సాయం కావాలంటే ఈ ఫారం నింపాలి. దాన్ని ఎలా చదవాలో నేర్చుకోవటానికి నాకు చాలా రోజులు పట్టింది కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

పైన కుటుంబం మొత్తం పేర్లు, పుట్టిన ఊళ్లు, మతం. మతం గడిలో "ఎవ్. లూథ్." అని టైపు చేసి ఉంటే నాకు కావలసినవాళ్లు. కింద గత పదీ పన్నెండేళ్లు ఏ ఏడు ఎక్కడ ఉన్నారో వరుసగా రాయాలి. నేను చూసిన వాటిలో ఒక లాత్వియా తల్లి ఫారం ఇప్పటికీ నా కళ్లముందు ఉంది. 1944 వరకు ఒకటే ఊరు, ఒకటే పొలం. ఆ తర్వాత ఏడు లైన్లలో ఏడు ఊళ్లు, ఒక్కోచోట మూడు నెలలు, ఐదు వారాలు. దాని కింద ఉద్యోగం గడి: సొంత పొలం, ఆపైన ఫ్యాక్టరీ కూలి, ఆపైన ఏమీ లేదు. వచ్చిన భాషలు: లాత్వియన్, జర్మన్, కొంచెం రష్యన్. ఆ తర్వాత ఒక ప్రశ్న: మీ దేశానికి తిరిగి వెళ్లాలనుకుంటున్నారా? వద్దు అని ఉంది. ఎందుకు అన్నదానికి ఆమె చెప్పిన జవాబుని గుమాస్తా ఒకే లైనులో కుదించాడు, తమ్ముడిని 1941లో సైబీరియాకి పట్టుకుపోయారని. 1941 జూన్‌లో ఒక్క రాత్రిలో లాత్వియా నుంచి వేలమందిని రైళ్లలో ఎక్కించి తీసుకుపోయారు, అది చరిత్రలో ఉన్నదే. కానీ దాన్ని గుమాస్తా టైపు మిషన్ మీద కొట్టిన ఆ ఒక్క లైనులో చూసినప్పుడు నేను లాప్‌టాప్ మూసేసి డాబా మీదకి వెళ్లిపోయాను.

ఎక్కడికి వెళ్లాలని ఉంది అన్న గడిలో ఆమె మూడు దేశాల పేర్లు రాసింది. మూడోది కొట్టేసి మళ్లీ రాసింది.

తెలుగులో మనకి వీళ్లకి "కాందిశీకులు" అనే మాట ఉంది. సంస్కృతంలోంచి వచ్చింది, "ఏ దిక్కుకి పోను?" అని అడుగుతూ పరిగెత్తేవాడు అని పెద్దలు చెప్పే వ్యుత్పత్తి. పేపర్లలో ఇప్పుడు శరణార్థి అంటున్నారు, అదీ మంచి మాటే. కానీ మా అమ్మమ్మవాళ్లది విశాఖపట్నం, కంచరపాలెం. అక్కడ బర్మా క్యాంపు అని పేటే ఉంది. రంగూన్ నుంచి వచ్చిన మనవాళ్లని వాళ్లు కాందిశీకులనే అనేవారు. మూడు దేశాల పేర్లు రాసి ఒకటి కొట్టేసిన చెయ్యి చూశాక నాకు ఆ పాత మాటే సరైనదనిపించింది. థీసిస్ ఇంగ్లీషులో రాయాల్సి వచ్చింది. నోట్సు మాత్రం తెలుగులో రాసుకున్నాను, అందులో అంతటా కాందిశీకులే.

ఈ పని చేయబోయేవాళ్లకి ఉపయోగపడుతుందని ఒక కష్టం చెబుతాను. ఒక కుటుంబంలో భర్త కాగితాలు దొరికేవి, భార్యవి దొరికేవి కావు. పది రోజులు వెతికాను. తర్వాత తెలిసింది, లాత్వియన్ ఇంటిపేరు ఆడవాళ్లకి మారిపోతుందని. భర్త బెర్జిన్‌ష్ అయితే భార్య బెర్జిన్యా. దాన్ని జర్మన్ గుమాస్తా ఒకలా, అమెరికన్ గుమాస్తా ఇంకోలా రాస్తారు. ఊళ్లదీ అదే కథ. రేవల్ అన్నా టాలిన్ అన్నా ఒకటే, బ్రెస్లౌ ఇప్పుడు వ్రొత్స్వాఫ్, కోనిగ్స్‌బర్గ్ ఇప్పుడు కాలినిన్‌గ్రాడ్. ఒక నోటుబుక్కులో ఊరి పేర్లకి మూడు కాలమ్‌లు గీసుకున్నాక గానీ పని ముందుకు కదల్లేదు.

2018లో చిన్న ఫెలోషిప్ వచ్చింది, మూడు వారాలు జెనీవా. వీసా ఆఖరి నిమిషం వరకు రాలేదు. అన్నం తినలేనంత టెన్షన్ పడ్డాను. మొత్తానికి వచ్చింది. ఊరి అంచున గ్రాన్ సాకొనే అనే చోట ఎక్యుమెనికల్ సెంటర్ ఉంది, ఎల్‌డబ్ల్యూఎఫ్ ఆఫీసు అప్పట్లో అందులోనే. అక్కడి నుంచి కొండ దిగుతూ నడిస్తే ఐక్యరాజ్యసమితి భవనం వస్తుంది. ఈ నడక దూరానికి ఒక అర్థం ఉందని తర్వాత తెలిసింది. అమెరికా నుంచి సిల్వెస్టర్ మిచెల్‌ఫెల్డర్ అనే పాస్టరు 1945 జులైలో జెనీవాలో దిగాడు. ఒహాయో రాష్ట్రం టొలీడోలో సంఘకాపరి. పాలు, బూట్లు, బైబిళ్ల కాగితం దగ్గర్నుంచి అధికారుల అనుమతుల దాకా ఒక్కడే తిరిగి మొదలుపెట్టాడు. రెండేళ్లకి ఎల్‌డబ్ల్యూఎఫ్ మొదటి కార్యదర్శి ఆయనే అయ్యాడు. 1951లో చనిపోయాడు.

ఆర్కైవ్స్‌లో పెన్ను తీసుకెళ్లనివ్వరు, పెన్సిలే. ఒక్కో పెట్టె అడిగి తెచ్చుకోవాలి. అప్పట్లో నకళ్లు ఉల్లిపొర లాంటి పల్చటి కాగితం మీద కార్బన్ పెట్టి తీసేవాళ్లు. రెండు వేళ్లతో అంచు పట్టుకుని నెమ్మదిగా తిప్పాలి, ఊపిరి గట్టిగా వదిలితే లేచిపోతుంది. గుండుసూది గుచ్చిన చోట తుప్పు మరక కింద ఐదారు కాగితాల దాకా దిగి ఉంటుంది. ఆ మరకని బట్టే ఏ కాగితం ఏ కాగితంతో కలిసి ఉండేదో నేను గుర్తుపట్టటం నేర్చుకున్నాను.

నాలుగో రోజు అమెరికా కరస్పాండెన్స్‌లో నాకు హామీ పత్రాలు తగిలాయి.

అమెరికా 1948 జూన్‌లో నిరాశ్రయుల చట్టం చేసింది. మొదట రెండు లక్షల మందికి, 1950 సవరణ తర్వాత దాదాపు నాలుగు లక్షలకి. కానీ ఊరికే రానివ్వరు. వచ్చేవాడికి పని ఉంటుందని, ఆ పని కోసం ఇంకొకరిని తీసెయ్యలేదని, ఉండటానికి ఇల్లు ఉంటుందని, దానికోసం ఇంకొకరిని ఖాళీ చేయించలేదని, అతను ప్రభుత్వానికి భారం కాడని అమెరికాలో ఎవరో ఒకరు హామీ ఇవ్వాలి. ఆ చట్టం కింద వచ్చిన మొదటి ఓడ జనరల్ బ్లాక్, 813 మందితో 1948 అక్టోబర్ 30న న్యూయార్క్ చేరింది. ఓడలోని ప్రతి కుటుంబం వెనకా ఒక హామీ ఉంది. సంఘాలు చేసిన అసలు పని ఇదే. ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు లేచి, ఫలానా శిబిరంలో ఒక కుటుంబం ఉంది, తండ్రి వడ్రంగి, ముగ్గురు పిల్లలు, మనలో ఎవరు ముందుకొస్తారు అని అడగటం. ఎవరో ఒకరు చెయ్యెత్తటం.

నా చేతిలో ఉన్నది ఒక రైతు ఇచ్చిన హామీకి నకలు, దానికి గుచ్చిన ఉత్తరం. మినసోటా వైపు. ఉత్తరంలో వాళ్లకిచ్చే ఇంటి గురించి రాశాడు: రెండు గదులు, పొయ్యి ఉంది, నీళ్లు బయటినుంచి తెచ్చుకోవాలి, చలికాలం లోపు కిటికీలు బాగుచేయిస్తాను. ఆవు పాలు రోజూ ఇస్తాము. పిల్లలకి బడి మైలున్నర. కింద సంతకం. దాని పక్కన, అదే సిరాతో, ఇంకో సంతకం, అతని భార్యది.

నేను చాలాసేపు అక్కడే ఆగిపోయాను. వాళ్లు ఆ కుటుంబాన్ని చూడలేదు. వాళ్ల భాష రాదు. ఇది జామీనే. మా నాన్న పెట్టిన సంతకం కూడా ఇదే. మా నానమ్మ గట్టిగా చదివి వద్దన్నది దీన్నే. మా ఊళ్లో అన్నదమ్ములు కూడా ఒకరికొకరు జామీను ఉండటానికి భయపడతారు, ఆ భయం ఎంత నిజమైనదో నాకు తెలుసు. అలాంటిది ముక్కూమొహం తెలియనివాళ్ల కోసం వేలమంది ఈ సంతకం పెట్టారు. నా పరిశోధన దేని గురించో నాకు ఆ మధ్యాహ్నం అర్థమైంది. దానధర్మాల చరిత్ర రాస్తున్నాననుకున్నాను. బట్టలు ఇవ్వటం, పాలపొడి ఇవ్వటం వేరు. అవి ఇచ్చేసి ఇంటికి పోవచ్చు. జామీను అలా కాదు, రేపు ఏం జరిగినా నీ మెడకి చుట్టుకుంటుంది.

అందరి సంతకాలూ ఒకేలాంటివి కావని కూడా ఆ పెట్టెలే చెప్పాయి. మిసిసిపీ రాష్ట్రం పత్తి తోటలకి లాత్వియన్లను పంపారు. హామీ ఇచ్చిన యజమానులకి కావలసింది చవక కూలీలు. వచ్చినవాళ్లు ఆ ఎండకీ, ఆ ఇళ్లకీ, ఆ కూలికీ తట్టుకోలేక వీలైనంత త్వరగా ఉత్తరాది పట్టణాలకి వెళ్లిపోయారు. యజమానులు సంఘాల మీద కోపగించుకున్నారు. సంఘాలు ఇరుక్కున్నాయి. నిజానికి ఆ చట్టంలోనే మెలికలున్నాయి. రైతులకి 30 శాతం ప్రాధాన్యం ఇచ్చారు, బాల్టిక్ దేశాల వంటి చోట్ల నుంచి వచ్చినవాళ్లకి 40 శాతం. 1945 డిసెంబర్ 22 లోపు జర్మనీ, ఆస్ట్రియా, ఇటలీల్లోకి వచ్చి ఉండాలన్నారు. ఆ తేదీ తర్వాత పోలండ్ నుంచి పారిపోయి వచ్చిన యూదులు చాలామంది దీనితో తప్పిపోయారు. ప్రెసిడెంట్ ట్రూమన్ సంతకం చేస్తూనే ఇది వివక్ష అని బహిరంగంగా అన్నాడు. లూథరన్లయిన బాల్టిక్ ప్రజలకి లాభించింది ఈ మెలికే. అంతకంటే కష్టమైన సంగతి ఇంకోటుంది. ఆ బాల్టిక్ మగవాళ్లలో కొందరు వాఫెన్ ఎస్ఎస్ అనే నాజీల సైనిక దళాల్లో పనిచేసినవాళ్లు. చాలామందిని బలవంతంగా చేర్చుకున్నారు, అందరినీ కాదు. 1950లో ఆ చట్టాన్ని అమలుచేసే అమెరికా కమిషన్, బాల్టిక్ దళాలను మిగతా ఎస్ఎస్ నుంచి వేరుగా చూడాలని తేల్చి తలుపు తెరిచింది.

ఈ అధ్యాయం రాయటానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది. మా సంఘం వాళ్లు ఒకరిద్దరు ఇవి ఎందుకమ్మా తవ్వటం, మంచిపని చేశారు కదా, అది రాయి చాలు అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఆ రైతు దంపతుల సంతకానికి విలువ ఉండాలంటే ఎవరి కోసం ఎవరూ సంతకం పెట్టలేదో కూడా రాయాలి. 1930లలో యూరప్ యూదులు వీసాల కోసం ఇలాంటి హామీ పత్రాలే అడిగారు. అప్పుడు చేతులెత్తినవాళ్లు ఎంత తక్కువమందో తలుచుకుంటే గుండె బరువెక్కుతుంది.

నేను చేసిన పెద్ద తప్పు కూడా చెప్పాలి. మొదటి రెండేళ్లలో నేను వేసిన లెక్కలన్నీ పనికిరాకుండా పోయాయి. నివేదికల్లో "కేసు" అని ఉంటే మనిషి అనుకున్నాను. కేసంటే చాలాచోట్ల కుటుంబం. అలాగే హామీలు ఎన్ని వచ్చాయి, వీసాలు ఎన్ని వచ్చాయి, ఓడ దిగినవాళ్లు ఎంతమంది అన్నవి మూడు వేరువేరు లెక్కలు. ఒక హామీ వచ్చాక కూడా పిల్లాడి ఊపిరితిత్తుల ఎక్స్‌రేలో మచ్చ కనపడితే కుటుంబం మొత్తం ఆగిపోయేది. నేను మూడూ కలిపేశాను. వైవాకి ముందు సార్ పట్టుకున్నారు, లేకపోతే అచ్చయిపోయేది.

ఐఆర్‌ఓ మొత్తం మీద పది లక్షల పైచిలుకు మందిని స్థిరపరిచింది. అమెరికాకి సుమారు 3,29,000, ఆస్ట్రేలియాకి 1,82,000, ఇజ్రాయెల్‌కి 1,32,000, కెనడాకి 1,23,000. కానీ వెళ్లగొట్టబడ్డ జర్మన్లు కోటీ ఇరవై లక్షల దాకా ఉంటారు, వాళ్లు ఐఆర్‌ఓ పరిధిలోకి రారు. ఓడిన దేశం వాళ్లు కదా. వాళ్లని పట్టించుకున్నది ఎక్కువగా జర్మన్ సంఘాలూ, బయటి నుంచి సంఘాలు పంపిన సాయమూ. కెనడాకి వాళ్లని తీసుకెళ్లటానికి అక్కడి లూథరన్లు, మెన్నోనైట్లు, కాథలిక్కులు తదితరులు 1947లో కలిసి ఒక మండలి పెట్టుకుని బీవర్‌బ్రే అనే ఓడ నడిపించారు. జర్మనీలోనే ఎస్పెల్‌కాంప్ అనే ఊరు ఉంది. అది ఊరు కాదు అప్పుడు, అడవిలో మందుగుండు సామాను డిపో. మిత్రరాజ్యాల సైన్యం పేల్చెయ్యబోతుంటే బీర్గర్ ఫోరెల్ అనే స్వీడన్ పాస్టరు అడ్డుపడి, ఆ గోదాముల్లో నిరాశ్రయులు కాపురం పెట్టేలా చేశాడు. సంఘమూ రాష్ట్రప్రభుత్వమూ కలిసి 1949లో ఊరు కట్టటం మొదలుపెట్టాయి. ఇవాళ మామూలు పట్నంలా బతుకుతోంది.

శిబిరాల్లో ఉన్నవాళ్లు చేతులు చాచి కూర్చున్నారనుకుంటే పొరపాటు. లాత్వియన్, ఎస్టోనియన్ పాస్టర్లు తమ సంఘాల్ని శిబిరంలోనే మళ్లీ నిలబెట్టారు. ఉత్తర జర్మనీలో బాల్టిక్ విశ్వవిద్యాలయం అని 1946లో వాళ్లే ఒకటి తెరుచుకుని మూడేళ్లు నడిపారు. ఎల్‌డబ్ల్యూఎఫ్ శరణార్థి సేవ తరఫున జర్మనీలో పనిచేసిన హోవర్డ్ హాంగ్ అనే అమెరికన్ ప్రొఫెసర్, తర్వాత డెన్మార్క్ తత్వవేత్త కీర్కెగార్డ్ అనువాదకుడిగా పేరుపొందినవాడు, మినసోటాలో తాను కాపురమున్న ఊరికి లాత్వియన్లను తెచ్చి దగ్గర పెట్టుకున్నాడు.

యూరప్ పని సద్దుమణిగాక ఈ అలవాటు ఆగలేదు. 1951 జనవరిలో ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ యూఎన్‌హెచ్‌సీఆర్ మొదలైనప్పుడు దాని చేతిలో ఏటా మూడు లక్షల డాలర్ల ఆఫీసు ఖర్చు తప్ప పంచటానికి డబ్బే లేదు. 1952లో ఫోర్డ్ ఫౌండేషన్ ఇచ్చిన 29 లక్షల డాలర్లే దాని మొదటి పెద్ద నిధి. ఆ డబ్బు ఖర్చుపెట్టింది స్వచ్ఛంద సంస్థల చేతుల మీదుగానే. కొండ మీద సంఘాల ఆఫీసు, కింద ఐక్యరాజ్యసమితి. ఆ నడకదారి ఎందుకు అరిగిందో అప్పుడు నాకు తెలిసింది. జెరూసలెంలో ఒలీవల కొండ మీది ఆగస్టా విక్టోరియా భవనాన్ని 1950లో పాలస్తీనా కాందిశీకుల ఆసుపత్రిగా ఎల్‌డబ్ల్యూఎఫ్ నడపటం మొదలుపెట్టింది. 1964లో టాంగన్యీకాలో (ఇప్పటి టాంజానియా) రువాండా కాందిశీకుల కోసం ప్రభుత్వం, యూఎన్‌హెచ్‌సీఆర్, ఎల్‌డబ్ల్యూఎఫ్ మూడూ కలిసి ఒప్పందం రాసుకున్నాయి. 1971లో తూర్పు బెంగాల్ నుంచి దాదాపు కోటిమంది మన దేశంలోకి వచ్చినప్పుడు కూచ్‌బిహార్‌లో కూచ్‌బిహార్ రెఫ్యూజీ సర్వీస్ మొదలైంది, ఒలావ్ హోద్నె అనే నార్వే మిషనరీ ఆధ్వర్యంలో. తర్వాత అందులోంచే బంగ్లాదేశ్‌లో రంగ్‌పూర్, దినాజ్‌పూర్‌ల పునరావాస సంస్థ పుట్టింది. కూచ్‌బిహార్ కథ ఎవరైనా మనవాళ్లే రాయాలి. ఆ రోజులు చూసిన ముసలివాళ్లు ఇంకా ఉన్నారు, ఆలస్యం చెయ్యొద్దు.

జెనీవా నుంచి వచ్చిన వారానికి ఆ రైతు ఉత్తరం ఫొటో ప్రింటు తీయించి ఇంటికి తీసుకెళ్లాను. నాన్న రిటైరై అప్పటికి ఆరేళ్లు. వాకిట్లో కుర్చీలో కూర్చుని కళ్లజోడు పెట్టుకుని నిదానంగా చదివారు. ఇంగ్లీషు మాస్టారు కాబట్టి నేను చెప్పాల్సిన పని లేదు. కిటికీలు బాగుచేయిస్తానన్న చోట ఆగి మళ్లీ చదివారు.

"తర్వాత ఏమైందమ్మా? ఈయన ఇరుక్కున్నాడా?" అని అడిగారు.

"లేదు నాన్నా. ఏడాదిన్నరకి పాస్టరు రాసిన ఇంకో ఉత్తరం ఉంది. ఆ కుటుంబం పక్క పట్నానికి మారింది. ఆయనకి వడ్రంగం పని దొరికింది. చర్చికి ఇంకా ఇక్కడికే వస్తున్నారని రాశారు."

నాన్న ఏమీ అనలేదు. వేలితో రెండు సంతకాల కిందా గీత గీసినట్టు తడిమారు. "ఈ రెండోది ఎవరిది?"

"ఆయన భార్యది."

అమ్మ గుమ్మం దగ్గర నిలబడి వింటోందని నేను గమనించలేదు. ఈసారి లోపలికి వెళ్లలేదు. తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి, నాన్న చేతిలోంచి ఆ కాగితం తీసుకుని, ఇంగ్లీషు రాకపోయినా ఆ రెండో సంతకం వైపు చాలాసేపు చూసింది.

"ఈమెని అడిగి పెట్టాడన్నమాట," అంది.

నాన్న కళ్లజోడు తీసి, పక్కనున్న కుర్చీ అమ్మ వైపు జరిపారు.